ఈ కాలపు ప్రేమ నవలలు పిల్లలను పాడు చేస్తాయా?

ప్రశ్న: మా అమ్మాయికి పదిహేనేళ్లు. ఇన్‌స్టాగ్రామ్‌లో చూసి ఇంగ్లిష్ ప్రేమ నవలలు కొనిపించుకుంటోంది. అవి చదవదగినవేనా? మాన్పించాలా?

మాన్పించకండి. ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా మన పెద్దవాళ్లు అట్ట చూసి తీర్పు చెప్పేస్తారు, లోపల ఒక్క పేజీ తిప్పరు. నేను పెరిగింది గుంటూరు బ్రాడీపేటలో. వారపత్రికల్లోని సీరియళ్లను చించి, కుట్టి, బైండు చేయించిన పుస్తకాలు చేతులు మారుతూ తిరిగిన ఇల్లు మాది. ఇరవై ఏళ్లుగా విజయవాడలో ఉంటున్నాను. ఇప్పటి ఇంగ్లిష్ ప్రేమ నవలలనూ అదే ఆకలితో చదువుతాను. అందుకే మీ ప్రశ్నకు జవాబు చెప్పే అర్హత నాకుందని నమ్ముతున్నాను.

మా అన్నయ్య కూతురు ఇంటర్ రెండో సంవత్సరంలో నిడమానూరు వైపు ఒక కాలేజీ హాస్టల్లో ఉండేది. అన్నయ్యావాళ్లది నరసరావుపేట, ప్రతి ఆదివారం రాలేరు. క్యారేజీ పట్టుకుని నేనే వెళ్లేదాన్ని. ఒక ఆదివారం అది పులిహోర ముట్టుకోకుండా, అటూ ఇటూ చూసి, "అత్తా, నువ్వు 'ఇట్ ఎండ్స్ విత్ అస్' చదివావా? మధ్యలో ఏం జరిగిందో చెప్పవా?" అని అడిగింది.

మధ్యలో ఏమిటే అంటే అప్పుడు చెప్పింది. వాళ్ల గదిలో ఒకే ఒక్క ప్రతి ఉంది. ఎవరి దగ్గరైనా నవల కనిపిస్తే వార్డెన్ మేడమ్ లాక్కుంటుంది, ఇంటికి ఫోన్ చేస్తుంది. అందుకని పిల్లలు అట్ట పీకేసి, పుస్తకాన్ని వెన్ను దగ్గర విడదీసి, తలా ఒక ముక్క ఫిజిక్స్ మెటీరియల్ మధ్యలో పెట్టుకున్నారు. స్టడీ అవర్లో చదవడం, రాత్రి ముక్కలు మార్చుకోవడం. చివరి ముక్క ముందు చదివిన పిల్ల నోరు విప్పకూడదని ఒట్టు కూడా పెట్టుకున్నారట. ఇంతలో సరిగ్గా నడిమి ముక్క దొరికిపోయింది. హీరో అంత మంచివాడుగా మొదలై, చివరికి విడాకుల దాకా ఎందుకు వచ్చిందో వాళ్లకు అర్థం కాలేదు. రాత్రుళ్లు ఆ పోయిన పేజీల్లో ఏముండి ఉంటుందో ఊహించుకుని వాదించుకుంటున్నారు.

నేనప్పటికి ఆ నవల చదవలేదు. సోమవారం సాయంత్రం ఏలూరు రోడ్డులో కొని రెండు రాత్రుల్లో పూర్తి చేశాను. తర్వాతి ఆదివారం వేపచెట్టు కింద మా పిల్ల, దాని స్నేహితురాళ్లు నా చుట్టూ చేరారు. ఆ పోయిన భాగం కథగా చెప్పాను. వంటగదిలో హీరో చేయి కాలుతుంది. భయపడాల్సిన సంగతేమీ కాదని తెలిశాక హీరోయిన్ నవ్వుతుంది. ఆ నవ్వుకు అతను ఆమెను తోసేస్తాడు. వెంటనే ఏడుస్తాడు, క్షమించమంటాడు, ఇంకెప్పుడూ జరగదంటాడు. ఆమె నమ్ముతుంది. తర్వాత మెట్ల దగ్గర రెండోసారి. ఆ తర్వాత మూడోసారి. ప్రతిసారీ అతనికి ఒక కారణం ఉంటుంది, ఆ కారణం వింటే మనకు కూడా జాలి కలుగుతుంది.

ఒక అమ్మాయి, "మొదటిసారి కావాలని చేయలేదు కదా ఆంటీ" అంది. మా పిల్ల దాని మీదకు లేచింది. అప్పటిదాకా మాట్లాడని మరో అమ్మాయి, "మా అక్క వచ్చేస్తే మేమే సర్దిచెప్పి మళ్లీ పంపించాం" అంది. ఇప్పుడెలా ఉందని ఎవరో అడిగారు. "ఫోన్ చేస్తే బాగానే ఉన్నానంటుంది. ఈసారి నేను గట్టిగా అడుగుతాను" అంది.

పదిహేడేళ్ల పిల్లలు ఎంసెట్ ర్యాంకుల మధ్య కూర్చుని, భర్త చేయి చేసుకుంటే ఏం చేయాలో మాట్లాడుకున్నారు. ఏ ఉపన్యాసం ఆ మాట వాళ్ల నోటి నుంచి రప్పించగలదు? ఆ నవల రాసిన కొలీన్ హూవర్ వాక్యం గొప్పదేమీ కాదు, సంభాషణలు చాలా చోట్ల చప్పగా ఉంటాయి. కానీ ఆ కథ తన తల్లి జీవితంలోంచి వచ్చిందని పుస్తకం చివర ఆమె రాసింది, ఆ నిజం పేజీల్లో తెలుస్తుంది. నాకు కోపం అమ్మేవాళ్ల మీద. అట్ట మీద పువ్వులు పెట్టి తీయటి ప్రేమకథలా అమ్మారు. 2023లో దానికి రంగులు వేసుకునే పుస్తకం తెస్తామని కూడా ప్రకటించి, పాఠకులు మండిపడితే మానుకున్నారు. దెబ్బలు తిన్న ఆడదాని కథకు రంగులేమిటి?

అట్టల సంగతి మీరు జాగ్రత్తగా చూడాలి. కార్టూన్ బొమ్మలు, గులాబీ రంగు చూసి చిన్నపిల్లల పుస్తకం అనుకుని తల్లిదండ్రులు కొనిచ్చేస్తున్నారు. లోపల పడకగది సన్నివేశాలు పేజీలకు పేజీలు ఉంటాయి. ఆలీ హేజిల్‌వుడ్ రాసిన 'ది లవ్ హైపోథెసిస్' అట్ట అలాంటిదే, లోపలిది పెద్దవాళ్ల నవల. అయినా అది నాకు ఇష్టం. రచయిత్రి స్వయంగా న్యూరోసైన్స్ చదివిన మనిషి కాబట్టి, అందులో జీవశాస్త్రంలో పరిశోధన చేసే అమ్మాయికి ల్యాబ్ ఉంది, నిధుల కోసం తిప్పలున్నాయి, పలుకుబడి ఉన్న శాస్త్రవేత్త అసభ్యంగా మాట్లాడితే ఎవరు నమ్ముతారన్న భయం ఉంది. ప్రేమకథలో ఉద్యోగం నిజంగా ఉండాలి. హీరోయిన్ ఏం పని చేస్తుందో వంద పేజీలైనా తెలియని నవలను నేను పక్కన పడేస్తాను. అలాగే మాఫియా నాయకుడు, కోటీశ్వరుడు, అమ్మాయి ఫోన్ మీద నిఘా పెట్టి దాన్ని ప్రేమ అనే మగవాడు, ఈ రకం ఇప్పుడు వరదలా వస్తున్నాయి. మీ అమ్మాయి చేతిలో అది కనిపిస్తే లాక్కోకండి, "ఇతను మన వీధిలో ఉంటే నువ్వేం చేస్తావు?" అని అడగండి చాలు.

"మా కాలం నవలలు ఎంత సంస్కారంగా ఉండేవో" అనేవాళ్లతో నేను ఏకీభవించను. మా అమ్మ తరమంతా యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'లో హీరో రాజశేఖరం కోసం కలలు కన్నది. డబ్బు, దర్పం, లోపల దాచుకున్న ప్రేమ. ఇప్పటి కోటీశ్వరుడు అతని మనవడే. కానీ సులోచనారాణి కృష్ణా జిల్లా కాజ గ్రామంలో పుట్టి, మన ఇళ్ల మాటల్లో, మన అమ్మాయి ఆత్మాభిమానం గురించి రాసింది. అందుకే ఇంటింటా చదివారు. మరి ఇప్పటి పదహారేళ్ల తెలుగు పిల్లకు తన మాటల్లో ఏముంది?

అసలు నా బాధ ఇది. ఏటా జనవరిలో విజయవాడ పుస్తక ప్రదర్శనకు వెళ్తాను, స్వరాజ్య మైదానంలో జరిగిన రోజుల నుంచీ వెళ్తున్నాను. పిల్లలకు నీతి కథలు, పెద్దలకు నవలలు, ఉద్యోగార్థులకు గుట్టలుగా పోటీ పరీక్షల పుస్తకాలు దొరుకుతాయి. పద్నాలుగు నుంచి పద్దెనిమిది ఏళ్ల వాళ్లకు తెలుగు నవల ఏదని అడిగితే, దుకాణంలోని అబ్బాయి వ్యక్తిత్వ వికాసం పుస్తకం చేతిలో పెడతాడు. మన రాష్ట్రంలో ఇంటర్ హాస్టల్ కంటే పెద్ద కథావస్తువు ఉందా? ఆదివారం క్యారేజీలు, నోటీసు బోర్డు మీద మార్కులు, గది మూలలో ఏడ్చే పిల్ల, గోడ అవతల కాలేజీ అబ్బాయి రాసిన చీటీ. దాని మీద నవల రాసేవాళ్లు లేక, మన పిల్లలు హూవర్ నవలలో బోస్టన్‌లో పూల దుకాణం నడిపే అమ్మాయిలో తమ అక్కను వెతుక్కుంటున్నారు. ప్రచురణకర్తలు పిల్లలు తెలుగు చదవడం లేదంటారు. చదవడానికి ఏమిచ్చారని?

ఇక మీ అమ్మాయి సంగతి. పదిహేనేళ్లకు జెన్నీ హాన్ రాసిన 'టు ఆల్ ద బాయ్స్ ఐ హ్యావ్ లవ్డ్ బిఫోర్'తో మొదలుపెట్టించండి. తల్లి లేని ముగ్గురు అక్కచెల్లెళ్లు, తండ్రి, దాచుకున్న ఉత్తరాలు బయటపడటం. అందులో ప్రేమ కంటే అక్కచెల్లెళ్ల కథే నాకు ఎక్కువ నచ్చింది, మీకూ నచ్చుతుంది. హూవర్ పుస్తకం ఇంకో రెండేళ్లు ఆగి, ముందు మీరు చదివి ఇవ్వండి. ఫుట్‌పాత్ మీద అమ్మే నకలు మాత్రం కొనకండి. అక్షరాలు అలుక్కుపోయి ఉంటాయి, పేజీలు తారుమారవుతాయి. విజయవాడ లెనిన్ సెంటర్ పాత పుస్తకాల దుకాణాల్లో ఓపిగ్గా వెతికితే అసలు ప్రతులే దొరుకుతాయి. అమ్మాయిని కూడా వెంట తీసుకెళ్లండి.