మెడ విరిగిన అణువు

చిరంజీవి బుజ్జికి పెద్దమ్మ ఆశీస్సులు.

"ఏదో సబ్బు తయారు చేస్తుందట" అని మీ అమ్మ ఫోనులో చెప్పింది. అది కణత్వచపు ప్రోటీన్లను చెడకుండా నిలిపే డిటర్జెంట్ అని నాకు కాసేపటికి గానీ తట్టలేదు. గర్వంగానే ఉంది, నిద్ర మాత్రం పట్టలేదు.

తెలిసిన సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఏది చేసినా పక్కన, అందరూ వాడే పాత డిటర్జెంట్ డీడీఎమ్ పెట్టి పోల్చు. నీటిలో సరిగ్గా కరగనిదాన్ని మమకారంతో దాచుకోకు. 2010లో వచ్చిన ఎల్ఎమ్‌ఎన్‌జీలో (అదీ ఒక డిటర్జెంటే) ఒకే కార్బన్ చుట్టూ నీరు గిట్టని రెండు తోకలు, నీటితో కలిసే రెండు మాల్టోజ్ చక్కెర తలలు కుదిర్చారు. మరుసటి ఏడే, అడ్రినలిన్‌ను పట్టుకునే కణత్వచపు ప్రోటీన్ బీటా-2 అడ్రినర్జిక్ గ్రాహకం, కణంలోపల సంకేతం అందుకునే జి-ప్రోటీన్‌తో కలిసి ఉన్న రూపం దాని సాయంతో బయటపడింది. అది చూసి, డిటర్జెంట్ అణువులు గుమిగూడి మైసెల్స్ అనే ఉండలు కట్టే గాఢత ఎంత తగ్గితే అంత గొప్ప అనుకోకు. డీడీఎమ్‌కు 0.17 మిల్లీమోలార్, దీనికి 0.01. అంత మొండిదాన్ని ప్రోటీన్ నుంచి వదిలించాలంటే, సన్నని పొర గుండా బయటికి పోనిచ్చే డయాలసిస్‌తో అయ్యే పని కాదు.

అసలు చెప్పాలనుకున్నది వేరు. మా రోజుల్లో డీడీఎమ్ కొనడం భారమని నేనే చేసుకునేదాన్ని. దానికి బీటా, ఆల్ఫా అని రెండు రూపాలు; మనకు కావలసింది బీటా. బీటా రూపంలో తోక చక్కెర వలయానికి వరుసగా చాచి ఉంటుంది. ఆల్ఫాలో మెడ విరిగినట్టు కిందికి వంగుతుంది. ఒకసారి దసరాకు ఊరెళ్లే తొందరలో ఆ రెండింటినీ వేరుచేసే చివరి కాలమ్ (గొట్టంలో పోసి శుద్ధి చేయడం) ఎగ్గొట్టాను. డ్యుటీరియం మిథనాల్‌లో తీసిన ఎన్ఎమ్ఆర్, అంటే అణువులోని హైడ్రోజన్లను శిఖరాలుగా చూపే గ్రాఫ్, శుభ్రంగానే కనిపించింది.

అంతకుముందు వారం రోజులు నిలిచిన ప్రోటీన్ ఈసారి ఆ డీడీఎమ్‌లో రెండు రోజులకే ముద్ద కట్టింది. ప్రోటీన్ పని చూసే జూనియర్ అమ్మాయి మీద అందరి ముందూ విరుచుకుపడ్డాను. ఐస్ మీద పెట్టడం కూడా రాదా అన్నాను. ఆమె ఏమీ అనకుండా నోట్‌బుక్ తెరిచి చూపింది. నేను చూడలేదు.

ఐదు నెలల తర్వాత, ఏమీ తోచక, అదే నమూనాకు 40 డిగ్రీల దగ్గర మళ్లీ ఎన్ఎమ్ఆర్ తీశాను. వేడికి నీటి శిఖరం పక్కకు జరిగింది. దాని కింద ఇన్నాళ్లూ దాక్కున్న ఆల్ఫా బయటపడింది! గ్రాఫ్ అడ్డగీత మీద 4.8 దగ్గర చిన్న జంట శిఖరం, మధ్య ఎడం 4 హెర్ట్జ్ కూడా లేదు. బీటాకైతే 8 దాకా ఉంటుంది. కాలమ్ నడిపి ఇచ్చాక ప్రోటీన్ మళ్లీ వారం నిలిచింది. అప్పటికి ఆ అమ్మాయి వెళ్లిపోయింది. క్షమించమని ఉత్తరం రాయడానికి నాకు పదకొండేళ్లు పట్టింది.

నువ్వూ నాలాగే తొందర మనిషివి. అట్టు కాలకముందే తిరగేసేదానివి. ప్రతి బ్యాచ్‌కూ వేడిలో ఒకటి, చల్లగా ఒకటి ఎన్ఎమ్ఆర్ తియ్యి. రాత్రి ఒంటరిగా ద్రావకాలు కాచకు, మీ అమ్మకు ఈ భయం చెప్పలేదు.

మొదటి గ్రాఫ్ ఫోటో పంపు. కళ్లజోడు మార్పించుకున్నాను.

మీ పెద్దమ్మ