సెన్సర్ మోగితే తలుపు తట్టేదెవరు?

తమ్ముడూ, సీజీఎం (ఒంటికి అంటించుకుంటే షుగర్‌ని ఎప్పటికప్పుడు చూపించే సెన్సర్) పెట్టుకున్నాక టెన్షన్ తగ్గకపోగా పెరిగిందని రాశావు. టైప్ వన్ షుగర్ జబ్బు ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి షుగర్ 70 నుంచి 180 మధ్య రోజులో 70 శాతం సేపు ఉంటే చాలు, 70 కిందికి దిగేది 4 శాతం లోపు, 54 కిందికైతే 1 శాతం లోపు. నీకెంతో నీ డాక్టర్‌ని అడుగు.

నాకు కొత్తలో ఇదీ తెలీదు. ఇక్కడ, విదేశంలో, మీటర్‌లో 15 అని వస్తే పాడైందనుకుని పక్కన పడేశాను. ఇక్కడిది మిల్లీమోల్స్ లెక్కట, 18తో గుణిస్తే మన దేశపు మిల్లీగ్రాముల లెక్క, అంటే 270! ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెప్తాను, 3.9 అంటే 70, 10 అంటే 180.

అది సరే. ఒక్కడివే ఉంటున్నానన్నావు చూడు, నా గుబులంతా అక్కడే. నేనూ ఒక్కదాన్నే ఉండేదాన్ని. మొదటి వారంలోనే అర్ధరాత్రి "లో" అలారం, అంటే షుగర్ పడిపోయిందని చెప్పేది, మోగింది, వణుక్కుంటూ వేలికి గుచ్చి చూస్తే 6.2, నిక్షేపంలా ఉంది. సెన్సర్ ఉన్న చెయ్యి మీదే పడుకున్నాను, అక్కడ ఒత్తిడి పడితే లేని "లో"ని చూపిస్తుంది. అలా మూడుసార్లయ్యాక అలారాన్ని పట్టించుకోవడం మానేశాను. నాలుగోసారి నిజంగానే షుగర్ పడిపోయింది. నైటీ చెమటకి వీపుకంటుకుపోయింది, చేతిలో గ్లూకోజ్ మాత్రల సీసా ఉంది గానీ మూత ఎటు తిప్పాలో తోచదు. ఎలాగో తీసి నాలుగు నమిలాను, సెన్సర్‌లో అంకె కదల్లేదని ఇంకో ఆరు నమిలాను. అది రక్తం కంటే కాస్త వెనకబడి చూపిస్తుందని అప్పుడు తెలీదుగా! 15 గ్రాముల గ్లూకోజ్ తీసుకుని 15 నిమిషాలు ఆగి వేలికి గుచ్చి చూడాలి. తెల్లారేసరికి 16.

నా రీడింగులు అమ్మ ఫోన్‌కి వెళ్లేలా పెట్టాను, అది ఇంకో తెలివితక్కువ పని. పాపం ఆవిడ అంత దూరాన ఫోన్ చేసి ఏడవడం తప్ప ఏం చేస్తుంది? పైగా ఆవిడ భయపడుతుందని నేనే షేరింగ్ ఆపేసేదాన్ని. అలారం వెళ్లాల్సింది నీ తలుపు దాకా రాగలిగేవాళ్లకి. పక్కింటావిడని అడగడానికి నాకు ఏడు నెలలు మొహమాటం. తీరా అడిగితే "ఇంతేనా?" అని తాళంచెవి తీసుకుంది, షుగర్ మరీ పడిపోయి స్పృహ తప్పితే ఇచ్చే మందు, గ్లూకగాన్, ఎలా ఇవ్వాలో నా చేతే రెండుసార్లు చెప్పించుకుంది. నువ్వు ఈ ఆదివారమే అడిగెయ్.