ప్లీజ్ అనకుండా ప్లీజ్ అనడం ఎలా?

ప్రశ్న: మా పాపా అల్లుడూ న్యూయార్క్‌లో బ్రూక్లిన్ సైడ్ ఉంటారండి, నేను ఆర్నెల్లు ఉండిపోదామని వచ్చా. కింద ఫ్లోర్‌లో ఒక యూదుల పెద్దావిడ ఉన్నారు, వాళ్ళింట్లో అంతా యిడ్డిష్షే, అదే, జర్మన్‌కి దగ్గరి చుట్టమైన యూదుల భాష. లిఫ్ట్ దగ్గర రోజూ ఇద్దరం నవ్వుకోడమే తప్ప మాటల్లేవు. మొన్న ఫోన్‌లో ప్లీజ్ అని కొడితే "బిటె" అని వచ్చింది, చేతిలో కూరగాయల సంచులున్నాయి కదా అని తలుపు చూపించి "బిటె" అన్నా. తలుపు పట్టుకున్నారు గానీ "జర్మనా?" అని ఒకటే నవ్వు. ఏం తప్పు మాట్లాడానండీ? అసలు మాటేంటి?

జవాబు: తప్పేం లేదు, తలుపు పట్టుకున్నారుగా! "బిటె" అచ్చంగా జర్మన్ వాసనొచ్చే మాట. యిడ్డిష్‌లో కూడా అనేవాళ్ళున్నారు, కానీ వందేళ్ళ కిందట పేపర్లవాళ్ళూ నాటకాలవాళ్ళూ జర్మన్ మాటలు పెడితే గొప్పగా ఉంటుందని తెచ్చి పోశారు, అలాంటి భాషని వెక్కిరింపుగా "దైచ్‌మెరిష్" అంటారు. మన ఇంట్లో ఎవరైనా "దయచేసి ఉప్పు అందించుము" అంటే ఎలా చూస్తామో ఆవిడా మిమ్మల్ని అలాగే చూసుంటారు.

మామూలుగా వాడేది "జై అజోయ్ గుట్". అజోయ్ అంటే అంత, గుట్ అంటే మంచి, మొత్తం కలిపితే "అంత మంచిదానివి అవ్వు" అని. అంటే ప్లీజ్‌కి సరిపడా ఒక్క మాట లేదు, ఎదుటి మనిషిని ముందే మంచిదాన్ని చేసేసి తర్వాత పని చెప్తారు, "బంగారు తల్లివి కదూ, ఆ చెంబు ఇలా అందుకో" అని మా అమ్మమ్మ చేసేది కూడా ఇదే, చెంబు ఇవ్వక చస్తామా!

ఒక జాగ్రత్త. "జై" అనేది నువ్వు అనేవాళ్ళకి. పెద్దావిడ కాబట్టి మీరు "జైట్ అజోయ్ గుట్" అనాలి, చివర ఒక్క ట్ తగిలిస్తే చాలు. యిడ్డిష్‌లో నువ్వుకి "దు", మీరుకి "ఇర్", ఆ "ఇర్" ఒక్కరికి గౌరవంగానూ పదిమందికి కలిపీ పనికొస్తుంది, అచ్చం మన "మీరు" లాగే, అందుకని ఈ విషయంలో ఇంగ్లీషువాళ్ళ కంటే మనకే సులువు. ఇంకోటి, బ్రూక్లిన్‌లో హసిదిక్ కుటుంబాలు, అంటే ఆచారాలు గట్టిగా పాటించే యూదులు, "గుట్"ని "గిట్" అంటారు, ఆవిడ అలా అంటే మీరూ అలాగే అనేయండి, పుస్తకం పట్టుకుని ఆవిడని దిద్దకండి.

"ఇఖ్ బెట్ అయిఖ్" అని ఇంకోటుంది. "బెట్న్" అంటే అడగడం, బతిమాలడం, దేవుణ్ణి ప్రార్థించడం కూడా. "మిమ్మల్ని బతిమాలుకుంటున్నా" అన్నమాట. చనువున్నవాళ్ళతో "ఇఖ్ బెట్ దిఖ్". కాస్త విసుగ్గా అంటే "నీకో దణ్ణం, వదిలెయ్" అన్నట్టు కూడా వస్తుంది, కాబట్టి కొత్తలో ఆ గొంతు పెట్టకండి.

నాకు బాగా నచ్చినవి మాత్రం చిన్న చిన్న ముక్కలు. "గిబ్ మిర్ అ బిసల్ జాల్ట్స్", నాకు కొంచెం ఉప్పు ఇవ్వు. ఈ "అ బిసల్" మన "కొంచెం" చేసే పనే చేస్తుంది, కావాల్సింది గుప్పెడు ఉప్పయినా అడిగేది కొంచెమే. తర్వాత "జె" అని రష్యన్, పోలిష్ లాంటి స్లావిక్ భాషల నుంచి వచ్చిన ముక్క ఒకటుంది, క్రియకి తగిలిస్తారు. "జోగ్" అంటే చెప్పు, "జోగ్ జె" అంటే చెప్పు మరి. మన "మరి" ఒకోసారి గారంగా, ఒకోసారి కోపంగా ఎలా పలుకుతుందో అదీ అంతే.

అనుమానమొస్తే చూసుకోడానికి రెండు పెద్ద డిక్షనరీలున్నాయి: ఉరియెల్ వైన్‌రైఖ్ తయారుచేసింది 1968లో వచ్చింది, ఆయన పోయిన మరుసటేడు. 2016లో ఇండియానా యూనివర్సిటీ ప్రెస్ వేసినదానికి ఎడిటర్లు గీట్ల్ షెఖ్టర్-విశ్వనాథ్, పాల్ గ్లాసర్. విశ్వనాథ్ అని చూసి నేనూ ఒక్క క్షణం ఆగిపోయా. ఈమెయిల్‌కి యిడ్డిష్‌లో "బ్లిట్స్‌పోస్ట్" అంటారు, మెరుపు టపా! మనం ఈమెయిల్‌ని ఈమెయిల్ అనే ఊరుకున్నాం.

అవునండీ, దయచేసి అనే మాట మనకి లేదా అని మీరడగొచ్చు. ఉంది, రైల్వే స్టేషన్లో "దయచేసి వినండి" దగ్గర ఉంది. వంటింట్లోకి మాత్రం రాలేదు. పైగా "ఇక దయచేయండి" అంటే చుట్టాన్ని పంపించేస్తున్నట్టు!

ప్రశ్న: అదే ఊపులో ఇంకోటండి. ఆవిడ తలుపు పట్టుకున్నాక థాంక్స్ ఎలా చెప్పాలి, ఆవిడ తిరిగి ఏమంటారు?

జవాబు: "అ దాంక్" అనండి. ఆవిడ "నిష్టో ఫర్‌వోస్" అంటారు, దేనికీ ఏం లేదు అని. మీరు ఇంగ్లీషులో యూ ఆర్ వెల్కమ్ అనుకోనక్కర్లేదు, "అయ్యో, దానికేముందండీ" అని వినపడుతుంది చూడండి.