వానాకాలంలో కుళ్లే సక్యులెంట్స్, పూతకు రాని కలాంచో

ప్రశ్న: షేడ్‌నెట్ కింద సక్యులెంట్స్ (దళసరి ఆకుల్లో నీరు దాచుకునే మొక్కలు), ఇంట్లో పెట్టుకునే మొక్కలు పెంచి బహుమతుల కోసం అమ్ముతున్నాను. వానలు మొదలైనప్పటి నుంచి ఎచెవేరియా, సెడమ్ మొదలు దగ్గర మెత్తబడి కుళ్లుతున్నాయి. కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు కలిపి కుండీలు నింపుతాను. కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు రెండుసార్లు పోసినా కుళ్లు ఆగలేదు. ఏడాది చివరి ఆర్డర్ల కోసం వేసిన కలాంచో అనే పూల మొక్క కిందటిసారి పూతకు రాలేదు. కొన్నవాళ్లు కూడా మొక్క రెండు నెలలకే పోయిందని ఫోన్లు చేస్తున్నారు. ఏం చేయాలి?

జవాబు: షేడ్‌నెట్ ఎండను ఆపుతుంది కానీ వానను ఆపదు. మీ కుండీలపై రోజూ వాన పడుతోంది, లోపల ఉన్న కొబ్బరిపొట్టు, వర్మీకంపోస్టు రెండూ తడిని పట్టి ఉంచేవే. మనీప్లాంటుకు ఈ మిశ్రమం ఫరవాలేదు. ఎచెవేరియా మెక్సికో కొండల్లో రాళ్ల సందుల్లో పెరిగిన జాతి, దానికి ఇది పడదు. పైగా ఇలాంటి మొక్కలు పత్రరంధ్రాలను ఎక్కువగా రాత్రిపూటే తెరుస్తాయి. పగటి వేడికి ఆకుల నుంచి నీరు పోయేది తక్కువ కాబట్టి కుండీలో తడి వారం దాటినా అలాగే ఉంటుంది. ఇక మందు పోయడమంటే ఆ తడికి మరో తడి చేర్చడమే. కాపర్ ఆక్సీక్లోరైడ్ తెగులు రాకుండా కాపాడే మందు, లోపలికి చేరిన కుళ్లును అది వెనక్కి తిప్పలేదు.

ముందు వాడిపోతున్న మొక్కనొకదాన్ని కుండీలోంచి ఊడదీసి చూడండి. మంచి వేరు తెల్లగా, గట్టిగా ఉంటుంది. గోధుమరంగుకు తిరిగిన వేరును రెండు వేళ్లతో పట్టి లాగినప్పుడు పైపొర కరెంటు వైరు తొడుగులా జారిపోయి లోపలి దారం మిగిలితే అది పిథియం (తడిలో పెరిగే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి) రకం వేరుకుళ్లు. కాండం నీరుకారి దుర్వాసన వస్తే బాక్టీరియా మెత్తకుళ్లు అనుకోవాలి. దానికి శిలీంధ్రనాశినులు పనిచేయవు, ఆ మొక్కను మిశ్రమంతో సహా బయట పారేయడమే మేలు. అడుగు ఆకు కాగితంలా ఎండి రాలితే టెన్షన్ పడనక్కర్లేదు, అది ముదిరిన ఆకు. పసుపుపచ్చగా, గాజులా మారి ముట్టుకుంటే ఊడొస్తేనే ప్రమాదం. చాలామంది బోల్తా పడేది ముడతలు పడిన ఆకు దగ్గర. మిశ్రమం తడిగానే ఉండి ఆకు ముడత పడిందంటే నీరు తాగే వేళ్లే లేవన్నమాట. పనివాళ్లు దాహమనుకుని ఇంకాస్త పోస్తారు.

సక్యులెంట్స్ బల్లల మీద, షేడ్‌నెట్‌కు పైన, వెంటనే పాలిథిన్ కప్పు వేయించండి. పక్కలు మాత్రం మూయకండి, గాలి ఆడాలి. మిశ్రమంలో సగానికి పైగా గరుకు సరుకు ఉండాలి: ప్యూమిస్, పెర్లైట్ (రెండూ తేలికైన రాతి గుళికలు), సన్నది జల్లించి తీసేసిన ముతక ఇసుక, చిన్న ఇటుక ముక్కలు, ఏది దొరికితే అది. సన్న ఇసుక వద్దు, ఉన్న సందులనూ అదే పూడ్చేస్తుంది. కొబ్బరిపొట్టు పావువంతు దాటకూడదు. అది పూర్తిగా ఎండితే ముడుచుకుపోతుంది, అప్పుడు పోసిన నీరు కుండీ అంచుల వెంట జారిపోయి మధ్యభాగం పొడిగానే మిగులుతుంది.

మొదలు కుళ్లినా తల బాగుంటే మొక్క దక్కుతుంది. శుభ్రమైన కత్తితో కోసి కోత చూడండి. మధ్యలో గోధుమ చుక్క ఉంటే అది పోయేదాకా పైకి కోస్తూ వెళ్లాలి. నీడలో నాలుగైదు రోజులు ఆరబెట్టి, కోత గట్టిపడ్డాక పొడి మిశ్రమంలో నాటి, వారం తర్వాత తొలి తడి ఇవ్వండి. పక్కనున్న మొక్కల్లో వేరుకుళ్లు అప్పుడే మొదలవుతున్నట్టు కనిపిస్తే మెటలాక్సిల్, మాంకోజెబ్ కలిసిన మందును లీటరు నీటికి 2 గ్రాముల చొప్పున ఒక్కసారి మొదళ్లలో పోయండి. పిండినల్లికి వేపనూనె వాడే అలవాటుంటే ఎచెవేరియాపై మానండి. దాని ఆకుపై ఉండే బూడిద పూత నూనెకు చెరిగిపోయి, మొక్క అమ్మకానికి పనికిరాకుండా పోతుంది. పత్తిని సర్జికల్ స్పిరిట్‌లో ముంచి తుడిస్తే చాలు.

కలాంచో విషయానికొస్తే, మీ నర్సరీలో రాత్రంతా వెలిగే లైటు ఉందా? నాకు మొదటి అనుమానం దాని మీదే. ఇది పొడవైన రాత్రులు వస్తేనే మొగ్గ వేసే మొక్క. రోజుకు 14 గంటల చీకటి, ఒక్క రాత్రి కూడా తప్పకుండా, దాదాపు ఆరు వారాలు అందాలి. మధ్యలో లైటు పడితే మొదటికే మోసం. సెప్టెంబరు మధ్య నుంచి సాయంత్రం ఆరింటికి నల్లగుడ్డ కప్పి ఉదయం ఎనిమిదింటికి తీయండి. ఎండ ఉండగానే కప్పితే లోపల వేడెక్కి మొగ్గ ఆలస్యమవుతుంది. మొగ్గలు స్పష్టంగా కనబడ్డాక కప్పడం ఆపేయవచ్చు. రకాన్ని బట్టి మొత్తం సుమారు మూడు నెలలు పడుతుంది, డిసెంబరు ఆర్డర్లకు సరిపోతుంది.

కొన్నవాళ్ల ఫోన్లు తగ్గాలంటే అడుగున రంధ్రం లేని కప్పుల్లో, జిగురుతో అంటించిన రాళ్ల కింద మొక్కలు ఇవ్వడం మానండి. చూడ్డానికి బాగుంటాయి, నిజమే, కానీ అందులో మిగిలిన నీరు ఎటూ పోదు. ఎచెవేరియాకు రోజూ నాలుగు గంటలైనా ఎండ తగలాలి, ఆఫీసు బల్ల మీద అది సాగి పాలిపోతుంది. అక్కడికి హవార్తియా, జీజీ ప్లాంటు, స్నేక్ ప్లాంటు ఇవ్వండి. పసుపు అంచు స్నేక్ ప్లాంటును పిలకలతోనే పెంచాలి, ఆకు ముక్కలతో పెంచితే అంచు పోయి ఉత్త పచ్చ మొక్క వస్తుంది. ఎర్ర తల అంటుకట్టిన మూన్ కాక్టస్ కొన్నేళ్లే ఉంటుందని ముందే చెప్పండి. ఆ తలలో పత్రహరితం లేదు, కింది మొక్క పెడితేనే తింటుంది. ఇక ‘గాలి శుద్ధి చేసే మొక్క’ అన్న లేబుల్ నాకు నచ్చదు. ఆ మాటకు మూలమైన, నాసా 1989లో చేసిన పరీక్షలు మూసిన చిన్న గదుల్లో జరిగాయి. మామూలు ఇంట్లో అంత ప్రభావం రావాలంటే గదిని అడవి చేయాలి.

పూత అయిపోయిన కలాంచోలను పశువులు తిరిగేచోట పారేయకండి. అందులో, ముఖ్యంగా పూలలో, గుండెపై పనిచేసే విషం ఉంటుంది. గుంట తీసి పూడ్చేయండి.