స్పీడ్‌బోట్‌లో దీవుల టూర్: వాంతుల మాత్ర ఎప్పుడు వేసుకోవాలి? షుగర్ ఉన్న పెద్దవాళ్లు వెళ్లొచ్చా?

ప్రశ్న: డిసెంబర్‌లో కుటుంబంతో థాయ్‌లాండ్‌లోని ఫుకెట్ వెళ్తున్నాం. ఒకరోజు స్పీడ్‌బోట్‌లో ఫీఫీ దీవులు, మాయా బే, బాంబూ ఐలాండ్ చూపించే టూర్ తీసుకుందామనుకుంటున్నాం. నాకు 36 ఏళ్లు. తిరుమల ఘాట్ రోడ్డు ఎక్కితేనే వాంతులవుతాయి. ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్ర వేసుకున్నా తగ్గదు. బాబుకు ఏడేళ్లు. మా అత్తగారికి 64. షుగర్‌కు గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, బీపీకి టెల్మిసార్టాన్, హైడ్రోక్లోరోథయాజైడ్ కలిసిన మాత్ర వాడుతున్నారు. ఏ జాగ్రత్తలు తీసుకోవాలి?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: ముందు మీ మాత్ర సంగతి చూద్దాం. కడుపులో ఇన్ఫెక్షన్ వల్లనో, కీమోథెరపీ వల్లనో వచ్చే వాంతులకు ఆన్‌డాన్‌సెట్రాన్ బాగా పనిచేస్తుంది. ప్రయాణంలో వచ్చే వాంతులు మొదలయ్యేది లోపలి చెవిలో. శరీరం ఊగుతోందని చెవి చెబుతుంటే, ఎదురుగా ఉన్న సీటు కదలడం లేదని కళ్లు చెబుతాయి. ఆ గందరగోళం మెదడులో హిస్టమిన్, ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాల మార్గాల్లో నడుస్తుంది. ఆన్‌డాన్‌సెట్రాన్ ఆ మార్గాల జోలికే పోదు. వాంతులకు వాడే మరో మందు డాంపెరిడోన్ కూడా దీనికి పెద్దగా పనికిరాదు. జలుబుకు వాడే సెట్రిజిన్ యాంటీహిస్టమినే అయినా మెదడులోకి సరిగా చేరదు కాబట్టి అదీ ఉపయోగపడదు.

మీకు పనికొచ్చేవి రెండు. ఒకటి ప్రొమెథజైన్ థియోక్లేట్, మన మందుల షాపుల్లో అవోమిన్ పేరుతో దొరుకుతుంది. 25 మి.గ్రా. మాత్ర ఒకటి, బోటు కదలడానికి గంటన్నర, రెండు గంటల ముందు వేసుకోవాలి. మత్తు ఎక్కువ, కానీ ఆ రోజుకు ఒక్కటే చాలు. రెండోది డైమెన్‌హైడ్రినేట్ 50 మి.గ్రా. దీన్ని అరగంట నుంచి గంట ముందు వేసుకుంటే సరిపోతుంది. ప్రభావం నాలుగు నుంచి ఆరు గంటలే కాబట్టి మధ్యాహ్నం భోజనం దగ్గర ఇంకొకటి అవసరం కావచ్చు. ఈ రెండింటిలో ఏదో ఒకటే వాడాలి.

పొరపాటు ఎక్కువగా జరిగేది టైమింగ్‌లోనే. పియర్ (బోటు ఎక్కే రేవు) దగ్గర టూర్ వాళ్లు కూడా తరచూ ఓ మాత్ర చేతిలో పెడతారు. మింగిన పది నిమిషాలకే బోటు బయల్దేరుతుంది, అది పనిచేయడం మొదలయ్యేలోపే వాంతులు వచ్చేస్తాయి. ఒకసారి వికారం మొదలైతే కడుపు కదలిక మందగించి, మింగిన మాత్ర కిందికి దిగక అక్కడే ఉండిపోతుంది. కాబట్టి ఉదయం హోటల్ దగ్గర వ్యాన్ ఎక్కేటప్పుడే మీ మాత్ర వేసుకోండి, అక్కడ ఇచ్చేది వద్దనండి. అది చాలాసార్లు డైమెన్‌హైడ్రినేటే. రెండూ కలిస్తే మీరు దీవులు చూడరు, నిద్రపోతారు. ఆ రోజు బీరు కూడా వద్దు. మగతగా ఉంటే స్నార్కెలింగ్‌కు (గొట్టంతో గాలి పీలుస్తూ నీళ్లలోకి చూస్తూ ఈదడం) దిగొద్దు.

బాబుది ఈ సమస్య ఎక్కువగా కనిపించే వయసే. ఘాట్ రోడ్డులో ఇబ్బంది పడే పిల్లాడైతే అవోమిన్ సగం మాత్ర, అంటే 12.5 మి.గ్రా., మీ పిల్లల డాక్టర్‌ను అడిగి ఇవ్వండి. ఐదేళ్ల లోపు పిల్లలకు ఈ మందు ఇవ్వకూడదు. ఇక్కడే ఇంట్లో ఓ సెలవు రోజున వేసి చూడండి. కొందరు పిల్లలు దీనికి నిద్రపోరు సరికదా, గంతులేస్తారు. బోటులో అది తెలియడం మంచిది కాదు.

ఉదయం ఖాళీ కడుపుతో బయల్దేరొద్దు. నూనె, మసాలా లేకుండా రెండు బ్రెడ్ ముక్కలు, ఒక అరటిపండు చాలు. బోటు వేగంగా పోతున్నప్పటికంటే స్నార్కెలింగ్ కోసం లంగరు వేసి ఆపినప్పుడే ఎక్కువమందికి తిప్పుతుంది. ఐదు సెకన్లకోసారి వచ్చే నిదానమైన ఊపు కడుపును బాగా కలచివేస్తుంది. అప్పుడు ఫోన్ లోపల పెట్టి, దూరంగా కనిపించే కొండ అంచునో, ఆకాశం నీళ్లను తాకే గీతనో చూస్తూ కూర్చోండి.

సీటు విషయంలో పట్టుబట్టండి. ఫొటోల కోసం అందరూ బోటు ముందు భాగానికి పరుగెత్తుతారు, కానీ అలకు లేచి దబ్బున పడేది ఆ భాగమే. మరీ చివరి వరుసలో ఇంజిన్ పెట్రోలు వాసన కొడుతుంది. వెనక నుంచి రెండు, మూడు వరుసల ముందు, మధ్యలో కూర్చోవడం మంచిది.

మీ అత్తగారి విషయంలో నన్ను ఆలోచనలో పడేసింది వాంతులు కాదు. మెనోపాజ్ దాటి ఎముకలు పలచబడిన స్త్రీలకు ఈ బోట్ల కుదుపులో నడుము దగ్గర వెన్నుపూస నలిగి విరగడం వైద్యులకు తెలిసిన గాయమే. గర్భిణులను, వెన్ను సమస్యలున్నవాళ్లను చాలా టూర్ సంస్థలు ఎక్కించుకోనిది ఈ కుదుపుల వల్లే. ఆమెకు నడుంనొప్పి గానీ, పాత ఫ్రాక్చర్ గానీ ఉంటే స్పీడ్‌బోట్ మానేసి రసాదా పియర్ నుంచి పెద్ద ఫెర్రీలో వెళ్లండి. ఫీఫీకి సుమారు రెండు గంటలు పడుతుంది, స్పీడ్‌బోట్ కంటే దాదాపు రెట్టింపు. నన్నడిగితే మీ కుటుంబమంతా ఫెర్రీలో వెళ్లడమే మేలంటాను. ప్రయాణంలో వాంతుల అలవాటు లేకపోతే ఆమెకు ఏ మాత్రా వద్దు. ఈ వయసులో ఆ మందులతో మత్తు, తికమక, తూలిపడటం ఎక్కువ. గ్లకోమా (కంట్లో ఒత్తిడి పెరిగే జబ్బు) ఉన్నవాళ్లు కంటి డాక్టర్‌ను అడక్కుండా అసలు వాడకూడదు.

షుగర్ దగ్గర ఇంకో చిక్కుంది. ఆరింటికి టిఫిన్ చేస్తే, టూర్ భోజనం ఒంటిగంటకు గానీ రాకపోవచ్చు. గ్లిమెపిరైడ్ మాత్రం తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ను వదులుతూనే ఉంటుంది. షుగర్ పడిపోతే చెమటలు, వణుకు, కళ్లు తిరగడం, వికారం వస్తాయి. పక్కవాళ్లంతా దాన్ని బోటు వల్ల తిప్పడం అనుకుని ఆమెను పడుకోబెడతారు. అందుకే పదింటికి బిస్కెట్లో, పండో తినిపించండి. లక్షణాలు కనిపిస్తే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువుంటే మూడు చెంచాల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగించి, పావుగంట తర్వాత మళ్లీ చూడండి. మీటర్ అందుబాటులో లేకపోతే ముందు గ్లూకోజే ఇవ్వండి. మనిషి మగతలోకి జారితే నోట్లో ఏమీ పోయొద్దు. బోటులో ఇచ్చే పైనాపిల్ ముక్కలు తిన్న వేలితో పరీక్ష చేస్తే రీడింగ్ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది, చేయి కడిగించి తుడిచాకే గుచ్చండి. ఉదయం ఏమీ తినలేకపోయినా, వాంతులైనా గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్, బీపీ మాత్రల్లో ఏది ఆపాలో ఆమె డాక్టర్‌తో బయల్దేరే ముందే రాయించుకోండి. హైడ్రోక్లోరోథయాజైడ్ ఒంట్లో నీటిని, సోడియంను లాగేస్తుంది. పైగా ఎండకు చర్మం తొందరగా కందిపోయేలా చేస్తుంది.

బాంబూ ఐలాండ్‌లో ఇసుక మధ్యాహ్నానికి కాలిపోతుంటుంది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లకు బొబ్బలెక్కేదాకా తెలియదు. నీళ్లలో కూడా వేసుకునే రబ్బరు బూట్లు ఆమెకు కొనండి, సాయంత్రం అరికాళ్లు మీరే చూడండి. పగడపు దిబ్బ గీసుకుంటే సబ్బు, శుభ్రమైన నీటితో రుద్ది కడగండి. షుగర్ ఉన్నవాళ్లలో ఆ గాయం ఎర్రబడి పాకుతుంటే అదే రోజు డాక్టర్‌కు చూపించాలి.

వాంతులైతే ఓఆర్‌ఎస్ 21 గ్రాముల ప్యాకెట్‌ను పూర్తిగా లీటరు నీళ్లలో కలిపి, గుక్కగుక్కగా తాగండి. చిన్న గ్లాసులో కలిపితే ఉప్పు ఎక్కువై ప్రమాదం. ఇక్కడి నుంచే తీసుకెళ్లండి, కవర్ మీద డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని ఉండాలి.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, రెండు గంటలకోసారి రాయండి. ఆక్సీబెంజోన్, ఆక్టినోక్సేట్ వంటి నాలుగు రసాయనాలున్న క్రీములను థాయ్ జాతీయ పార్కుల్లో 2021 నుంచి నిషేధించారు. జరిమానా లక్ష బాత్‌ల దాకా ఉంటుంది. ఫీఫీ, మాయా బే ఆ పరిధిలోవే. జింక్ ఆక్సైడ్ క్రీమ్, పొడుగు చేతుల ఈత చొక్కా తీసుకోండి.

జెల్లీ ఫిష్ కుడితే రుద్దొద్దు, మంచినీళ్లు పోయొద్దు. వెనిగర్‌ను కనీసం 30 సెకన్లు పోయాలి. ఊపిరాడకపోయినా, ఛాతీలో నొప్పి వచ్చినా అక్కడి అంబులెన్స్ నంబర్ 1669.

హోటల్‌కు వచ్చాక మంచం మీద పడుకున్నా ఊగుతున్నట్టే ఉంటే కంగారు పడొద్దు, సాధారణంగా ఒకటి రెండు రోజుల్లో పోతుంది. వారం దాటినా తగ్గకపోయినా, చెవిలో హోరు, వినికిడి తగ్గడం తోడైనా ఈఎన్‌టీ డాక్టర్‌ను కలవండి.