సంబరాల రోజు బడికి రాని పిల్లలు

ప్రశ్న: టీచర్ గారూ, నేను ఒక ప్రైవేటు బడిలో ఐదో తరగతికి క్లాస్ టీచర్‌ని. ఏటా సెలవులిచ్చే ముందురోజు సంక్రాంతి సంబరాలు చేస్తాం. పట్టులంగాలు, పంచెలు, గొబ్బెమ్మలు, ముగ్గుల పోటీ, చిన్నపిల్లలకు భోగిపళ్లు అన్నీ ఉంటాయి. నా క్లాసులో ఇద్దరు ముస్లిం పిల్లలు, ముగ్గురు క్రైస్తవుల పిల్లలు ఆ రోజు రారు. “రాకపోతే వాళ్లిష్టం” అంటారు మా ప్రిన్సిపాల్ గారు. నాకు మనసొప్పడం లేదు. ఏం చేయమంటారు?
– ఓ ఉపాధ్యాయిని, పల్నాడు జిల్లా

జవాబు: “వాళ్లిష్టం” అని నేనూ చాలా ఏళ్లు అన్నానమ్మా.

ఒక సంక్రాంతికి మా హైస్కూల్లో ముగ్గుల పోటీ పెట్టాం. ఏడో తరగతి అమ్మాయి ఒకతె వరండా స్తంభం దగ్గర నిలబడి అందరికీ రంగుల డబ్బాలు అందిస్తోంది. “నువ్వెందుకు వేయవే?” అని గట్టిగా అడిగాను. తలొంచుకుంది. “వాళ్లు చర్చికెళ్తారు టీచర్” అని పక్కపిల్లలు అందుకున్నారు. ఆ పిల్ల చేతిలో గులాబిరంగు డబ్బా. మూత తీస్తోంది, పెడుతోంది, మళ్లీ తీస్తోంది. వేళ్లన్నీ గులాబి అయిపోయాయి. సెలవులయ్యాక కూడా చాలా రోజులు నా మొహం చూడలేదు. పదిమందిలో నిలబెట్టి సంజాయిషీ అడిగాను, అదీ నేను చేసిన తప్పు.

అందుకే ముందు ఆ ఐదుగురి ఇళ్లకూ వెళ్లిరండి. ఏది ఇబ్బంది, ఏది పర్లేదు అని అడగండి. ఐదిళ్లలో ఐదు జవాబులొస్తాయి. ఒక తల్లి ముగ్గు పర్లేదు, గొబ్బెమ్మల చుట్టూ తిరగడం మాత్రం వద్దంటుంది. ఇంకో ఇంట్లో మతం అడ్డే కాదు, పట్టులంగా కొనలేక మానిపిస్తుంటారు. అది ఎవరూ నోరు తెరిచి చెప్పరు, మనమే కనిపెట్టాలి. యూనిఫాంలో వచ్చినా సరేనని ఇళ్లకు పంపే చీటీలో రాయించండి.

తర్వాత పూజ ఏదో పంట ఏదో విడదీయండి. కొత్తబియ్యం, చెరకు, గాలిపటాలు అందరివీ. మీ వైపు మిరపకోతలకు వెళ్లే అమ్మ ఒకావిడని పిలిచి పది నిమిషాలు పిల్లలతో మాట్లాడించండి. చర్చిల్లో కోతపండుగ చేస్తారు కదా, పండిన ధాన్యం, కూరగాయలు, కోళ్లు తెచ్చిస్తే అక్కడే వేలం వేస్తారు. ఆ వేలంపాట సంగతి మీ ముగ్గురు పిల్లలు చెబితే క్లాసంతా చెవులప్పగించి వింటుంది.

రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది కాబట్టి ఎప్పుడొస్తుందో క్యాలెండర్‌లో గుర్తు పెట్టుకోండి. ఉపవాసమున్న పిల్లాణ్ని ఎండలో పరిగెత్తించకండి. భోజనాల వేళ వాడు కూర్చోవడానికి వేరే చోటు చూడండి.

మీ ప్రిన్సిపాల్ గారికి ఒక్క మాట చెప్పండి. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో పెద్దల సమ్మతి లేకుండా ఏ పిల్లనీ మతబోధకో ప్రార్థనకో రమ్మని బలవంతపెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణంలోనే ఉంది. 1986లో సుప్రీంకోర్టు కేరళ పిల్లలు ముగ్గురిని తిరిగి బడిలో చేర్చుకోమంది. జాతీయగీతానికి గౌరవంగా లేచి నిలబడ్డారు గానీ తమ విశ్వాసం ఒప్పుకోదని పాడలేదు, అందుకే వాళ్లని బడి నుంచి పంపేశారు. సౌమ్యంగానే చెప్పండి, వింటారు.

మరుసటేడు మేం ముగ్గుల పక్కనే గాలిపటాల బల్ల వేశాం. పాత పేపర్లు, చీపురుపుల్లలు, మైదా జిగురు. ఆ అమ్మాయి వాళ్ల అన్న దగ్గర నేర్చుకుందట, మధ్యాహ్నానికల్లా పదకొండు కట్టేసింది. నేను అతికించిన తోక వంకరగా ఉందని నా చేతిలోంచి లాక్కుని, ఊడదీసి మళ్లీ అతికించింది.