పాత రేడియో క్యాసెట్లు: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: మా నాన్నగారు 1970, 80లలో టూ-ఇన్-వన్‌లో బినాకా గీత్‌మాలా అనే హిందీ సినిమా పాటల వరుస కార్యక్రమాన్ని రికార్డు చేసుకునేవారు. ఆ క్యాసెట్లు ఒక సంచి నిండా ఉన్నాయి. పాటలన్నీ ఇప్పుడు ఫోనులో ఇంతకంటే స్పష్టంగా దొరుకుతున్నప్పుడు, గరగరలాడే ఈ క్యాసెట్లు దేనికని ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు. దాచమంటారా?
– ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: తప్పకుండా దాచండి, ఒక్కటి కూడా పారవేయకండి. పాటలు మరోచోట దొరుకుతాయి గానీ, పాటకూ పాటకూ నడుమ వ్యాఖ్యాత అమీన్ సయానీ మాట్లాడిన మాటలు మరోచోట దొరకడం కష్టం. 1952 డిసెంబరులో శ్రీలంకలోని రేడియో సిలోన్‌లో మొదలై, 1989లో ఆకాశవాణి వారి వివిధ భారతికి మారేవరకు ఆ కార్యక్రమం షార్ట్‌వేవ్ మీదుగానే మన ఇళ్లకు చేరింది. ఆకాశవాణి సినిమా పాటలను దూరం పెట్టిన రోజుల్లో శ్రోతలు కొలంబో వైపు మళ్లారు. 1957లో వివిధ భారతి వచ్చిన తరువాత కూడా బుధవారం రాత్రి ఎనిమిది గంటలకు సిలోన్ పెట్టే అలవాటు ఎన్నో ఇళ్లలో పోలేదు. ఆ వారం ఏ పాట ఎన్ని మెట్లు ఎక్కిందో, ఏది జారిందో, శ్రోతల సంఘాలు దేనిని కోరాయో ఆయన చెబుతూ పోయిన వరుస ఆనాటి అభిరుచికి సాక్ష్యం.

కార్యక్రమాన్ని బొంబాయిలో టేపు మీద సిద్ధం చేసి విమానంలో కొలంబోకు పంపేవారు. టేపు ఖరీదైన ఆ కాలంలో ప్రసారమైన దానిని చెరిపి మళ్లీ వాడుకోవడం రేడియో కేంద్రాలలో సర్వసాధారణం కాబట్టి, ఏదో ఒక వారం ప్రసారానికి మీ నాన్నగారి క్యాసెట్టే మిగిలిన ప్రతి అయినా ఆశ్చర్యం లేదు. తరువాతి కాలంలో సయానీ గొంతుతోనే గీత్‌మాలా జ్ఞాపకాల సంకలనాలు వెలువడ్డాయి. అవి ఎంత మంచివైనా ఆనాటి బుధవారం ప్రసారానికి బదులు కావు. పైగా ఇళ్లలో రికార్డు చేసుకున్నవారిలో చాలామంది వ్యాఖ్యాత మాట మొదలవగానే పాజ్ నొక్కి పాటలు మాత్రమే పట్టుకునేవారు. మాటలు కూడా ఉంచిన మీ నాన్నగారికి మనమందరం కృతజ్ఞతలు చెప్పుకోవాలి. అదే సంచిలో సిలోన్ తెలుగు ప్రసారాలు, ముఖ్యంగా వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై గారి గొంతు వినిపిస్తే, ఆ క్యాసెట్టును అన్నిటికంటే ముందు కంప్యూటర్‌లోకి ఎక్కించండి.

ప్రశ్న: నా దగ్గరున్న ఇలాంటి క్యాసెట్లలో కొన్నిటి టేపు అంచున తెల్లని మచ్చలు కనిపిస్తున్నాయి. నేనే కంప్యూటర్‌లోకి ఎక్కించుకోవచ్చా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: తెల్లని మచ్చలు చాలావరకు బూజే. అలాంటి క్యాసెట్టును ప్లేయరులో పెడితే బూజు యంత్రానికీ, అక్కడి నుంచి మంచి క్యాసెట్లకూ అంటుకుంటుంది కనుక, దానిని విడిగా పొడిచోట ఉంచి, టేపులు శుభ్రం చేయడం తెలిసినవారికే అప్పగించండి. మిగతావాటిని మీరే ఎక్కించవచ్చు. మొట్టమొదట క్యాసెట్టు పై అంచున ఉండే రెండు చిన్న ప్లాస్టిక్ రెక్కలను విరిచేయండి. పొరపాటున రికార్డు మీట నొక్కినా టేపు చెరిగిపోదు. ప్లేయరులో టేపును చదివే భాగమైన హెడ్‌ను ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన దూదితో తుడవండి. తొంభై నిమిషాల క్యాసెట్లలో టేపు అరవై నిమిషాల వాటికంటే పలుచన, ఊరికే సాగుతుంది. వాటిని వేగంగా ముందుకూ వెనుకకూ తిప్పడం మంచిది కాదు.

శబ్దం మందంగా, గొంతు దుప్పటి చాటు నుంచి వచ్చినట్లు ఉంటే అది ప్రసారం తప్పు కాకపోవచ్చు. రికార్డు చేసిన యంత్రం హెడ్ కోణానికీ, ఇప్పుడు వినిపిస్తున్న యంత్రం హెడ్ కోణానికీ తేడా వచ్చినప్పుడు పై స్వరాలు పోతాయి. హెడ్ పక్కనున్న చిన్న మరను కొద్దికొద్దిగా తిప్పుతూ, మాట అన్నిటికంటే స్పష్టంగా వినిపించిన చోట ఆపాలి. ఈ ఒక్క పనికి ఓపిక పడితే ఆ తరువాత ఏ సాఫ్ట్‌వేరూ చేయలేని మేలు జరుగుతుంది. ఆ యంత్రం మిగతా క్యాసెట్లకూ కావాలి కాబట్టి, పని అయ్యాక మరను మొదటి స్థానానికి తిప్పండి.

ఫైలును ఎంపీ3గా కాక, శబ్దాన్ని కుదించని వేవ్ (WAV) రూపంలో, 24 బిట్, 48 కిలోహెర్ట్జ్‌లో తీసుకోండి. స్టీరియోలో గంటకు సుమారు ఒక జీబీ, మోనోలో అందులో సగం పడుతుంది. గరగరను తగ్గించే ప్రయోగాలేవైనా నకలు మీద చేయండి గాని మూల ఫైలును ముట్టుకోవద్దు. షార్ట్‌వేవ్ స్వరం ఎగసిపడటం, పక్క స్టేషను చొరబడటం కూడా ఆ రాత్రి శ్రోత విన్నదానిలో భాగమే. తేదీ తెలిస్తే తేదీ, లేకుంటే పాటల వరుస, స్టేషను, రికార్డు చేసినవారి పేరు ఫైలుతోపాటు రాసిపెట్టండి. ఏ వారం ప్రసారమో పాటల వరుసను బట్టి పోల్చుకోవచ్చు. రెండు వేరు వేరు డ్రైవులలో, రెండు వేరు వేరు ఇళ్లలో ప్రతులు ఉంచండి. ఎక్కించడం పూర్తయినా క్యాసెట్టును పారవేయకండి.

ప్రశ్న: ఎక్కించిన వాటిని ఇంటర్నెట్‌లో అందరికీ వినిపించవచ్చా?
– ఒక పాఠకుడు, బెంగళూరు

జవాబు: సొంతంగా వినడానికి ఉంచుకోవడంలో ఇబ్బంది లేదు. బహిరంగంగా పెట్టే విషయం వేరు. మన కాపీరైటు చట్టం ప్రకారం ప్రసార సంస్థకు ఆ ప్రసారం మీద హక్కు 25 ఏళ్లు ఉంటుంది, పాట రికార్డింగు మీద హక్కు విడుదలైన తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు ఉంటుంది. అంటే 1978 నాటి ప్రసారం మీద హక్కు ముగిసినా, ఆ ఏడాది విడుదలైన పాట రికార్డింగు మీద హక్కు 2038 చివరి వరకు ఉంటుంది. వ్యాఖ్యాత చదివిన రాతకూ విడిగా హక్కు ఉండవచ్చు. అందువల్ల మొత్తం కార్యక్రమాన్ని ఇంటర్నెట్‌లో పెట్టేముందు హక్కుదారుల అనుమతి అడగండి. అది వచ్చేలోగా ఏ తేదీ ప్రసారాలు మీ దగ్గరున్నాయో జాబితా మాత్రం ప్రకటించండి. పరిశోధకులకూ, ఇలాంటి క్యాసెట్లే ఉన్న ఇతర శ్రోతలకూ ఆ జాబితా వెంటనే ఉపయోగపడుతుంది.